లెక్క చెప్పని హుర్లిమాన్ అపా

మా ఊరి పెద్దావిడ హుర్లిమాన్ అపాకి ఎన్ని గొర్రెలున్నాయో మాలో ఎవరికీ తెలియదు. అడిగితే "ఏవో, నాలుగు తోకలు" అంటుంది. సాయంత్రం ఆ నాలుగు తోకలూ మేత నుంచి తిరిగొచ్చేటప్పుడు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా దుమ్ము లేస్తుంది. ఎదురుగా కారు వస్తే ఆపుకుని, అవి దాటిపోయే దాకా అద్దాలు ఎత్తుకుని కూర్చోవాలి. మనవలెంతమంది అంటే "ఉన్నారులే, రొట్టె విరిచినప్పుడు కనిపిస్తారు" అంటుంది. వయసు మాత్రం ఠక్కున చెబుతుంది, అరవై ఎనిమిది అని. అయిపోయిన ఏళ్ళకి దిష్టి తగలదట.

ఎండిపోయిన సముద్రం ఒడ్డున ఉన్న మా బోజ్‌కోల్‌లో అందరం కొద్దో గొప్పో ఇంతే. బతికున్నదాన్ని వేలు పెట్టి లెక్కపెట్టం. పసిపిల్లను చూసి "ఎంత బాగుందో" అంటే తల్లి మొహం మాడిపోతుంది. "ఛీ, ఎంత వికారంగా ఉంది" అంటే మురిసిపోయి టీ పోస్తుంది. సముద్రం ఉన్న రోజుల్లో మా తాతలు పడవ అంచు దాకా చేపలు నింపుకొచ్చి, ఒడ్డున ఎవరైనా అడిగితే "రెండు పిల్ల చేపలు, అవీ పిల్లికే" అనేవారట. అందరిలోనూ హుర్లిమాన్ అపాది మరీ గట్టి పట్టు. ఆ పట్టు వల్లే కిందటేడు ఆవిడ తోట ట్రాక్టరు కిందికి పోబోయింది.

తోట అంటే పళ్ళ తోట కాదు. సముద్రం వెళ్ళిపోయిన చోట మిగిలిన ఉప్పు నేల మీద సక్సావుల్ మొక్కలు. సక్సావుల్‌కి ఆకులుండవు, నీడ ఉండదు, అందమూ ఉండదు. కానీ దాని వేళ్ళు ఇసకని పట్టుకుంటాయి. అవి లేకపోతే గాలి లేచిన రోజు మా టీలో ఉప్పు, రొట్టెలో ఉప్పు, కళ్ళలో ఉప్పు.

ఊరి ఆడవాళ్ళకి తలా కొంత నేల, వెయ్యేసి మొక్కలు ఇచ్చి పెంచమన్నారు ప్రభుత్వం వాళ్ళు. ముందు మూడు రోజుల శిక్షణ పెట్టారు, మా బడిలోనే. నేను ఏడో తరగతితో ఆపేసిన బడి. అమ్మకి మూత్రపిండాల జబ్బు వచ్చాక నీళ్ళు మోసేవాళ్ళు లేక మానేశాను. మళ్ళీ అదే బల్ల మీద కూర్చుంటే మోకాళ్ళు పట్టలేదు. రాత బాగుందని ఆడవాళ్ళ బృందం పుస్తకం నా చేతికిచ్చారు. మాట్లాడే పని లేదు కదా అని ఒప్పుకున్నాను.

నేర్పడానికి నూకుస్ పట్నం నుంచి సలామత్ వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, అప్పుడే చదువు ముగించిన మనిషి, కాలర్ గుండీ కూడా పెట్టుకుంటాడు. గోడకి "సామర్థ్యం పెంచే శిక్షణ" అని గుడ్డ కట్టాడు.

హుర్లిమాన్ అపా ముందు వరుసలో కూర్చుని అది కూడబలుక్కుని చదివింది. "ఏ సామర్థ్యం నాయనా? నా మోకాళ్ళదా?"

"కాదు అపా, మొక్కలు బతికించే సామర్థ్యం."

"అయితే మోకాళ్ళ వాడు ఎప్పుడొస్తాడు?"

ఆడవాళ్ళందరూ నవ్వారు. సలామత్ కూడా నవ్వి, ఒక సంచిలోంచి తెల్లటి పొడి చెంచాడు తీసి గ్లాసులో వేసి నీళ్ళు పోశాడు. చూస్తుండగానే అది ఉబ్బి గ్లాసు నిండా జావలా నిలబడింది. వేళ్ళ కింద ఈ పొడి వేస్తే నీళ్ళు పట్టి ఉంచుతుందని చెప్పాడు. చెబుతూ గ్లాసు అందరికీ చూపించమని ముందు వరుసకి ఇచ్చాడు. హుర్లిమాన్ అపా వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు వెయ్యలేదు."

"అపా! అది తినేది కాదు!"

"తినేది కాకపోతే గ్లాసులో ఎందుకు పెట్టావు?"

ఆవిడ ఆ పొడి తీసుకోలేదు. సంచులు పంచుతుంటే తన వాటా మా ఊరి కోడలు దామెగుల్‌కి ఇచ్చేసింది. దామెగుల్ పట్నం నుంచి వచ్చిన పిల్ల. ఏదైనా కొత్తది ఊళ్ళోకి వస్తే ముందు తన ఇంటికే రావాలని ఆవిడ పట్టుదల. సంతోషంగా రెండు వాటాలూ మోసుకుపోయింది.

అపా తన మొక్కల కింద గొర్రె బొచ్చు పెట్టింది. మా గొర్రెల బొచ్చు ముతకది, ఈ రోజుల్లో ఎవరూ కొనరు, కత్తిరించి గుంటలో పడేస్తాం. అలా పడేసిన బొచ్చు కింద నేల జూలై నెలలో కూడా తడిగా ఉండటం ఆవిడ ఎప్పుడో చూసిందట. గడ్డపార తీసుకుని గుంట తవ్వడం, తడిపిన బొచ్చు ఉండ ఒకటి అడుగున కుక్కడం, దాని మీద మొక్క, గాలి వచ్చే వైపు మోకాలెత్తు రెల్లు కట్ట. వెయ్యి మొక్కలకీ అంతే. సలామత్ వచ్చి చూసి "ఇది పుస్తకంలో లేదు అపా" అన్నాడు. "నీ పుస్తకం రాసినాయనకి గొర్రెలు లేవేమో" అంది ఆవిడ.

తర్వాత ఆ మొక్కలకి దిష్టి తగలకుండా ఆవిడ చేసిన పనులు నేను దగ్గరుండి చూశాను. బాగా ఎదిగినదానికి పొయ్యి మసి రాసేది. ఇంకా బాగా ఎదిగినదానికి చిరిగిన పాత గుడ్డ కట్టేది. పేర్లు కూడా పెట్టింది: జబ్బుది, కుంటిది, కుక్క కూడా చూడనిది. "ఏమే కుంటిదానా, ఇంకా చావలేదా?" అని పలకరిస్తూ వరుసల మధ్య నడిచేది. ఎవరైనా కొత్తవాళ్ళు వింటే ఆవిడకి ఆ మొక్కల మీద పగ అనుకోవాలి.

అక్టోబరు వచ్చింది. ఎవరి తోటలో ఎన్ని బతికాయో పుస్తకంలో రాసి పంపాలి. దామెగుల్ గుమ్మంలోంచే కేకేసింది, "తొమ్మిది వందల ఎనభై!" అని. హుర్లిమాన్ అపా దగ్గరికి వెళ్తే ఆవిడ నేల వైపు చూసింది.

"ఏం బతుకులే పిల్లా. ఏదో ఒకటి రాసుకో. రెండొందలు."

రాశాను. పెద్దావిడ చెప్పింది రాయకపోతే ఏం రాస్తాను? కానీ నేను అంతకు ముందే, అవి పచ్చగా ఉన్నప్పుడే లెక్కపెట్టి ఉన్నాను. వేలు చూపించలేదు, పైకి అనలేదు. టీ చెంబు తీసుకెళ్ళేటప్పుడు ఒక్కో వరుసా కళ్ళతోనే దాటుకుంటూ వెళ్ళాను. ఎనిమిది వందలకి చేరేసరికి భయమేసి ఆపేశాను.

రెండు వారాలకి కాగితం వచ్చింది. నాలుగు వందల కంటే తక్కువ బతికిన తోటలన్నీ శుక్రవారం ట్రాక్టరుతో తిరగదున్ని, బాగా పెంచినవాళ్ళ చేతికిస్తారు. మా ఊళ్ళో అలాంటి తోట ఒక్కటే. ఇవ్వబోయేది దామెగుల్‌కి.

ఆ కాగితం చదివి వినిపించడానికి అపా ఇంటికి వెళ్ళాను. ఆవిడ జొన్న ముద్దలు పులుసులో వేస్తోంది. చదవడం అయ్యాక గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"దున్నడం అంటే? వేళ్ళతో సహానా?"

"అవును అపా."

"బతికున్నవాటినా?"

"వాళ్ళకి తెలియదు కదా."

నిజంగానే తెలియదు. మొదటేడు ఆకురాలు కాలంలో సక్సావుల్ పిల్ల ఎండు పుల్లలాగే ఉంటుంది. సలామత్ ఒకసారి వచ్చి చూస్తే వాడికి కనిపించింది మసి పూసిన పుల్లలు, చింకి గుడ్డలు. అప్పుడూ "బతికాయా అపా?" అని అడిగాడు. "ఏం బతుకులే" అన్నది ఈవిడే.

మూడు గిన్నెల టీ తాగాక గానీ నాకు మాట రాలేదు. "పోనీ, ఎన్ని ఉన్నాయో చెప్పేద్దాం అపా."

ఆవిడ నా నోట్లో ఒక రొట్టె ముక్క పెట్టేసింది. తర్వాత నింపాదిగా కూర్చుని తన పెనిమిటి సంగతి చెప్పింది. ఉతేబాయ్ తాత పడవ నడిపేవాడు. ఒక ఏడాది మహా దండిగా చేపలు పడ్డాయి. పేపరు వాళ్ళొచ్చి ఎంత పడిందని అడిగితే పై అధికారి పక్కనే ఉన్నాడని మొహమాటపడి ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పేశాడు. ఫొటో కూడా వేశారు.

"మర్నాటి నుంచే సముద్రం వెనక్కి నడవడం మొదలెట్టింది."

"నదుల నీళ్ళన్నీ పత్తికి మళ్ళించారని, అందుకే ఎండిపోయిందని బళ్ళో చెప్పారు అపా."

"పత్తికీ పోయింది, ఆయన నోటికీ పోయింది." ఆవిడ కండువా చెంగుతో ముక్కు తుడుచుకుంది. "పాపం, చచ్చేదాకా ఆ మాటే అనుకునేవాడు. చెప్పకపోతే దున్నేస్తారు. చెబితే వాటంతటవే పోతాయి. నువ్వు చదువుకున్నదానివి, ఏది మేలో చెప్పు."

ఏడో తరగతి చదువుకి అది అందలేదు.

శుక్రవారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. వెనకాలే సలామత్ జీపు, జీపులో కొత్త బూట్లు వేసుకున్న దామెగుల్. హుర్లిమాన్ అపా మాకన్నా ముందే వచ్చి మొదటి వరుస ముందు కూర్చుని ఉంది, పండక్కి వచ్చినట్టు పెద్ద కండువా చుట్టుకుని. ట్రాక్టరు డ్రైవరు దిగి సలాం చేసి, "కొంచెం పక్కకి జరుగుతారా అపా" అన్నాడు.

"జరగలేను బాబూ. మోకాళ్ళు."

సలామత్ ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. వాడికి ఈ పని ఇష్టం లేదని చూస్తేనే తెలుస్తోంది. "అపా, ఎన్ని బతికాయో ఒక్క మాట చెప్పండి. నాలుగు వందలంటే చాలు, ట్రాక్టరు వెనక్కి పంపేస్తాను."

"ఏం బతుకులే నాయనా."

"సరే, నేనే లెక్కపెడతాను." లేచి వేలు చాపాడు. "ఒకటి, రెండు, మూ..."

ఆవిడ చేత్తో వాడి వేలి మీద ఒక్క దెబ్బ వేసింది. "దించు! రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ళనీ ఇలాగే పొడుస్తావా?"

"మరి నన్నేం చెయ్యమంటారు? కాగితం మీద రెండొందలే ఉంది!"

దామెగుల్ అందుకుంది. "పోనీలే అపా, నా చేతికిస్తే నేను పచ్చగా చేసి పెడతానుగా. పొడి ఇంకా అర బస్తా ఉంది."

అపా చేతులు రెండూ వెనక్కి చాపి మొదటి వరుసని తడుముకుంటోంది. సలామత్ నా వైపు తిరిగాడు. "షినార్, పుస్తకం నీ దగ్గరే కదా. నువ్వు చెప్పు."

అందరూ నన్నే చూశారు. నేను నా చెప్పుల్ని చూశాను. పెద్దావిడ అబద్ధమాడిందని అనలేను. నిజం చెబితే ఆవిడ నన్ను జన్మలో క్షమించదు. నోరు తెరిస్తే ఏమొచ్చిందో నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏంటీ?" అన్నాడు సలామత్.

"చచ్చినవెన్నో అడగండి."

"అబ్బో, ఈ పిల్లకి మాటలొచ్చే!" అంది దామెగుల్.

సలామత్‌కి వెంటనే బుర్రకెక్కలేదు. కానీ చదువుకున్నవాడు, అడిగి చూద్దామనుకున్నాడు. "అపా, చచ్చినవెన్ని?"

హుర్లిమాన్ అపా మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "చచ్చినవా? నూట అరవై మూడు!" అంది, పిల్లల హాజరు చెప్పే పంతులమ్మలాగా. "రా నాయనా, చూపిస్తాను. పుస్తకం తీసుకురా పిల్లా. డ్రైవరు బాబూ, ఆ మోత ఆపు, ఒక్క మాటా వినపడటం లేదు."

అంతసేపూ జరగలేని మోకాళ్ళు లేచి నడిచాయి. వరుస వరుసకీ తీసుకెళ్ళింది. ఇదిగో, ఇది కుందేలు కొరికింది, చూడు ఏటవాలుగా తెగింది, అదే మేకయితే చీలికలుగా ఉంటుంది. ఇవి తొమ్మిదీ ఉప్పు పెచ్చు కింద పోయాయి, ఇక్కడ నేల తెల్లగా పొంగుతుంది, ఇక్కడ పాతకూడదని నాకు ముందే తెలిసుండాల్సింది. ఈ వరుసలో రెల్లు కట్ట పలచగా కట్టాను, ఇసక వచ్చి కప్పేసింది. ఇది బొచ్చు సరిగ్గా తడపకుండా పెట్టాను, ఆ రోజు మా ఇంట్లో చిన్నోడి పెళ్ళానికి నొప్పులొచ్చాయని హడావిడి. ఇది ఎందుకు చచ్చిందో నాకూ తెలియదు, తిక్కది.

సలామత్ మొదట అంకెలే రాశాడు. పదో మొక్క దగ్గర కారణాలు కూడా రాయడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో మొక్కకి వాడి పెన్ను అయిపోతే నాది ఇచ్చాను. డ్రైవరు కూడా వెనకాలే వచ్చి, కుందేలు కొరుకుడుకీ మేక కొరుకుడుకీ తేడా ఒంగి మరీ చూస్తున్నాడు. వాళ్ళ ఊళ్ళో కూడా మొక్కలు పోతున్నాయట.

ఆఖరి వరుస దాటాక సలామత్ పెదవులు కదిలాయి. వెయ్యిలోంచి తీసేస్తున్నాడని నాకు తెలుసు, నేనూ అదే చేస్తున్నాను.

"ఏంటి గొణుగుతున్నావు?" అంది అపా.

"ఏం లేదు అపా. దగ్గు."

కుంటిదాని దగ్గర ఆగి గోటితో పుల్ల మీద గీశాడు. పైపొర కింద పచ్చగా మెరిసింది. పక్కదాన్ని గీశాడు, అదీ పచ్చనే. వాడి నోరు మెచ్చుకోవడానికి తెరుచుకోవడం నేను చూశాను, అపా చూసింది, డ్రైవరు కూడా చూసి ఊపిరి బిగబట్టాడు. సలామత్ ఎలాగో మింగేసి అన్నాడు:

"ఛీ. ఎంత వికారంగా ఉన్నాయి అపా!"

"కదా!" అంది ఆవిడ, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "నేను ముందు నుంచీ చెబుతూనే ఉన్నాను."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "అయితే నేను దున్నాల్సింది ఏది? డీజిలు పోసుకుని వచ్చాను మరి."

పక్కనున్న దామెగుల్ తోట వైపు అందరి కళ్ళూ వాటంతటవే వెళ్ళాయి. సలామత్‌కి అప్పటికి అడగడం అలవాటైపోయింది. "దామెగుల్, మీ దాంట్లో చచ్చినవెన్ని?"

"ఒక్కటీ లేదు. కొన్ని పడుకున్నాయంతే."

సలామత్ వెళ్ళి ఒకదాన్ని తాకాడు. చేతికి వచ్చేసింది, అడుగున ఎండిన జావ ముద్దతో సహా. రెండోదీ అంతే. చెంచాడు వెయ్యమన్న పొడిని ఆవిడ మొక్కకి రెండు గుప్పెళ్ళ చొప్పున వేసింది. ఏప్రిల్లో వాన పడగానే పొడంతా ఉబ్బి, మొక్కలన్నిటినీ గుంటల్లోంచి పైకి లేపి కూర్చోబెట్టింది. ఆవిడ వాటిని మళ్ళీ గుచ్చుకుంటూ వచ్చింది. అప్పటి నుంచీ అవి అలా గుచ్చి ఉన్నాయంతే.

దామెగుల్ కొత్త బూట్లు చూసుకుంటూ నిలబడింది.  సలామత్ ఏదో అనబోతే హుర్లిమాన్ అపా అడ్డం వచ్చింది.

"మా ఊరి కోడలినేమీ అనకు. ఊరికే వచ్చినదాన్ని చెంచాలతో కొలిచేవాళ్ళు ఎవరున్నారు? నా చేతిలో ఉన్నా నేనూ గుప్పెళ్ళతోనే వేసేదాన్ని." తర్వాత దామెగుల్ వైపు తిరిగింది. "దున్నించుకో. గుంటలో బొచ్చు ఎంత కావాలంటే అంత ఉంది, నువ్వే మోసుకో. ఆ బూట్లు మాత్రం విప్పి రా."

దామెగుల్ తోట దున్నారు. ఆ మధ్యాహ్నం అందరం అపా ఇంట్లో జొన్న ముద్దలు తిన్నాం. డ్రైవరు మూడు గిన్నెలు తిన్నాడు. మిగిలిన అర బస్తా పొడి గురించి సలామత్ అడిగితే దామెగుల్ ఇచ్చేసింది, చెంచాతో సహా.

వసంతంలో నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళని శిక్షణకి మా దగ్గరికే పంపారు. ఈసారి బళ్ళో కాదు, తోటలోనే. నేర్పేది హుర్లిమాన్ అపా. మొదట ఒప్పుకోలేదు. బాగా పెంచానని నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం తన వల్ల కాదంది. చచ్చినవాటి గురించి చెబితే చాలని సలామత్ బతిమాలాడు. పుస్తకం నేను పట్టుకున్నాను. ఆవిడ గొంతు వెనక వాళ్ళకి వినపడకపోతే నేను మళ్ళీ చెప్పాలి. మొదటి రెండు వరుసల్లో నా గొంతూ వినపడలేదు, తర్వాత వినపడింది.

ఒక్కో చావు దగ్గరా ఆగుతూ, పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా నడిచాం. నా పుస్తకంలో నూట అరవై మూడూ అయిపోయాయి. టీ తాగుదామని అందరూ తోట చివర కూర్చున్నారు. కూర్చోమన్నది అపానే. తను మాత్రం కూర్చోలేదు.

"ఇంకొకటుంది" అంది.

నేను పుస్తకం చూసుకున్నాను. "అయిపోయాయి అపా."

"రాసుకో పిల్లా, నూట అరవై నాలుగు. ఆ రోజు ఆ కుర్రాడి ముందు సిగ్గేసి చెప్పలేదు." కండువా సర్దుకుంది. "జూన్‌లో. అన్నిటికన్నా ఎత్తుగా వచ్చింది అది. పనయిపోయిందని టీ గిన్నె పట్టుకుని, హాయిగా, వెనకా ముందూ చూడకుండా కూర్చున్నాను. దాని మీదే."

నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళూ ఘొల్లున నవ్వారు. అపా నవ్వలేదు. వాళ్ళు నవ్వడం అయ్యేదాకా ఆగింది.

"ఇప్పుడు మీరంతా లేచి, వెనక్కి తిరిగి చూసుకోండి."